పై నుంచి చూస్తే మా ఊరు కనపడదు, మంత్రిగారూ

గౌరవనీయులైన మంత్రిగారికి నమస్కారాలు.

భీమిలి బీచ్ రోడ్డు మీద రాబోతున్న గోల్ఫ్ రిసార్ట్ గురించి మీకు కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. ఫైలు మీ దగ్గరుంది. సర్వే నంబర్లు మీ వాళ్ళకి కంఠతా వచ్చు. పెట్టుబడులు పెట్టేవాళ్ళ మీటింగులో వేసిన డ్రోన్ వీడియో మీరు చూసే ఉంటారు. అది మా ఊరి కుర్రాళ్ళ ఫోన్లలో కూడా తిరిగింది. అందులో మా ఊరు ఎక్కడుందో పోల్చుకోవడానికి మాకే చాలాసేపు పట్టింది. అందుకే ఈ ఉత్తరం.

వీడియో బాగుంది, కాదనడానికి లేదు. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర మొదలై, పోర్టు ఛానల్ దాటి, ఆర్కే బీచ్, కైలాసగిరి, రుషికొండ, తొట్లకొండ మీదుగా సముద్రం అంచు పట్టుకుని వస్తుంది. ఎర్రమట్టి దిబ్బల ముడతలు పై నుంచి అంత అందంగా ఉంటాయని ఇక్కడే పుట్టి పెరిగిన మాకూ తెలీదు. ఆ తర్వాత సరుగుడు తోట, ఎవరూ లేని ఇసుక, దాని మీద కంప్యూటర్లో గీసిన పచ్చిక, చిన్న చిన్న జెండాలు, తెల్ల టోపీ పెట్టుకుని బంతి కొడుతున్న ఒకాయన బొమ్మ. ఆయన్ని నిలబెట్టిన చోటే మా అమ్మ నెత్తళ్ళ చేపలు ఆరబోసేది.

మా ఇళ్ళు కొబ్బరిచెట్ల కింద ఉంటాయి, పై నుంచి కనపడవు. ఆ వేళకి పడవలు వేటలో ఉన్నట్టున్నాయి. ఆకాశం అంత శుభ్రంగా ఉందంటే వాన వెలిసిన మర్నాడు తీశారనుకుంటాను. ఇసుక తడిగా ఉన్న రోజు ఎవరూ చేపలు వెయ్యరు. కాబట్టి కెమెరా అబద్ధం చెప్పిందని నేననను. కెమెరా ఎగరేసినవాళ్ళు కిందికి దిగి, ఇక్కడ ఎవరైనా ఉంటారా అని ఒక్కమాట అడిగితే చాలుండేది. కొబ్బరినీళ్ళు కూడా ఇచ్చేవాళ్ళం.

ఆ ఇసుక సంగతి చెప్తాను, కొంచెం ఓపిక పట్టండి. తెల్లవారుజామున పడవలు ఒడ్డుకొస్తాయి. పెద్ద చేప పడితే అక్కడికక్కడే వేలంలో పోతుంది. కవళ్ళు, కానాగంతలు తట్టల్లోకెక్కి ఆటోల్లో సిటీకి వెళ్తాయి. ఎక్కువ పడి ధర పలకని రోజున మిగిలినవన్నీ ఆడవాళ్ళ చేతికొస్తాయి. పెద్దవాటిని కోసి, కడిగి, ఉప్పు పట్టించాలి. నెత్తళ్ళయితే పాత వలలు పరిచి పలచగా వెయ్యాలి. మధ్యాహ్నం తిరగెయ్యాలి, కాకుల్ని కుక్కల్ని కాయాలి, మంచు దిగేలోపల ఎత్తాలి. మంచి ఎండ కాస్తే రెండు రోజుల్లో గలగలలాడతాయి. మబ్బు పట్టిందా, పురుగు పడుతుంది, ఇక కోళ్ళ దాణాకే. దీనికి కావలసింది గాలి తగిలే ఎత్తయిన ఇసుక, పడవలకి దగ్గరగా, జనం నడవని చోటు. అలాంటి చోటు మా ఊరికి ఒక్కటే ఉంది. మా అమ్మమ్మ అక్కడే ఎండబెట్టింది, ఆవిడ అత్తగారూ అక్కడే. పట్టా లేదు. సముద్రానికి పట్టా ఎవరిచ్చారని దాని ఒడ్డుకి పట్టా ఉంటుంది?

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులకి ప్రభుత్వం ఇచ్చే సాయం 2025లో పది వేల నుంచి ఇరవై వేలు చేశారు. దండం పెట్టి తీసుకున్నాం. కాకపోతే అది వేటకెళ్ళే మనిషి పేరు మీద వస్తుంది. పడవెక్కే మనిషి ఇంట్లో లేని ఆడదానికి రాదు. ఆవిడకి ఆ రెండు నెలలూ గడిచేది మాఘ ఫాల్గుణాల్లో ఎండబెట్టి దాచుకున్న సరుకుతోనే. అరకు, పాడేరు సంతలకి పట్టుకెళ్ళే బేరగాళ్ళు అప్పుడే వస్తారు, అప్పుడే నాలుగు డబ్బులు ఎక్కువ పలుకుతుంది. బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ లాంటిది, మీకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే.

ఇప్పుడు ఆ స్థలం చుట్టూ సిమెంటు స్తంభాలు, ముళ్ళతీగ. పోయిన ఏడాది సంక్రాంతి వెళ్ళగానే పాతారు, అంటే సరిగ్గా ఎండబెట్టే రోజులు మొదలయ్యేటప్పుడు. పాతేరోజు ఒక పెద్దాఫీసరు వచ్చారు. చాలా మర్యాదస్తులు. "తాత్కాలికమేనమ్మా, సర్వే అయిపోగానే తీసేస్తాం. ఈలోగా రోడ్డవతల మీకు సిమెంటు ప్లాట్‌ఫాం, రేకుల షెడ్డు, నీళ్ళ కుళాయి కట్టిస్తాం" అన్నారు. మా అమ్మ ఆయనకి మంచి ఎండు కానాగంతలు పొట్లం కట్టి ఇచ్చింది కూడా. ప్లాట్‌ఫాం రాలేదు. షెడ్డు రాలేదు. కుళాయి రాలేదు. శంకుస్థాపన రాయి అయినా వేసి ఉంటే దాని మీద నాలుగు తట్టలు ఆరబోసుకునేవాళ్ళం, అదీ వెయ్యలేదు. ఆ ఆఫీసరుగారికి బదిలీ అయింది. కొత్తగా వచ్చినాయన "నాకు ఫైల్లో అలాంటి హామీ ఏదీ కనబడలేదు" అన్నారు. నోటితో ఇచ్చిన మాట ఫైల్లో ఎలా కనపడుతుందండీ?

అప్పటి నుంచి మా ఆడవాళ్ళు బీచ్ రోడ్డు అంచున తార్పాలిన్లు పరిచి ఎండబెడుతున్నారు. శని ఆదివారాలు వస్తే చాలు టెన్షన్. సిటీ నుంచి వచ్చిన కుర్రాళ్ళ బండ్లు తార్పాలిన్ల మీదెక్కుతాయి. కార్లో అద్దాలెత్తుకుని ముక్కు మూసుకునేవాళ్ళు ఫోటో తీసి ఎక్కడికో కంప్లైంట్ పంపిస్తారు. వెంటనే ఒక జీపు వస్తుంది. "టూరిస్టులకి వాసనొస్తోంది, ఎత్తండెత్తండి." ఎత్తి ఎక్కడ పెట్టాలో జీపులో ఉన్నవాళ్ళకీ తెలీదు. దుమ్ము, పొగ పట్టిన సరుకుని బేరగాడు చేత్తో నలిపి చూసి, మూతి విరిచి, సగం రేటుకి అడుగుతాడు. ఇవ్వకపోతే వెళ్ళిపోతాడు. శ్లాబు ఇళ్ళున్న ఒకరిద్దరు డాబా మీద వేసుకుంటున్నారు. మిగతావాళ్ళవి రేకుల ఇళ్ళు. వాటి మీద మనిషి ఎక్కలేడు.

అర్జీలు ఇచ్చాం. సోమవారాలు ఆటో మాట్లాడుకుని, ఆ రోజు కూలి పోగొట్టుకుని, లైన్లో నిలబడి ఇచ్చాం. రసీదులు ఉన్నాయి, కావాలంటే పంపిస్తాను. కొన్నాళ్ళకి ఫోనుకి మెసేజ్ వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. మా అమ్మ సంతోషపడి స్తంభాలు తీశారేమో చూసి రమ్మని నన్ను పంపింది. తియ్యలేదు. ఏం పరిష్కరించారో కనుక్కుందామని మళ్ళీ వెళ్తే కాగితం చూపించారు. సదరు స్థలంలో ఎవరూ లేరని, వాడకంలో లేదని ఉపగ్రహ చిత్రం ద్వారా నిర్ధారణ అయిందట. ఆ చిత్రం తారీకు చూశాను. ముళ్ళతీగ వేసిన తర్వాతది. అయ్యా, కంచె వేసి మమ్మల్ని బయటికి పంపాక తీసిన ఫోటోలో మేం ఎలా ఉంటాం?

ఇది చాలదన్నట్టు ఒక కంప్యూటర్ గొంతు ఫోన్ చేసి, పరిష్కారంతో తృప్తిగా ఉంటే ఒకటి, లేకపోతే రెండు నొక్కమంది. మా అమ్మ రెండు నొక్కింది. గట్టిగానే నొక్కింది. తర్వాత ఏమీ జరగలేదు.

చట్టం మాకు తెలీదనుకోకండి. అవసరమే అన్నీ నేర్పుతుంది. సముద్రతీరంలో ఏం కట్టొచ్చో ఏం కూడదో చెప్పే 2011 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్‌లో మత్స్యకారుల ఊళ్ళు, వాళ్ళ ఉమ్మడి స్థలాలు, చేపలు ఆరబెట్టే చోట్లు అన్నీ తీరం మ్యాపుల్లో గుర్తించి చూపించాలని రాసి ఉంది. బీచ్ రిసార్ట్ కట్టుకునేవాళ్ళు ఇసుక దిబ్బలు చదును చెయ్యకూడదు. హైటైడ్ లైన్ (పోటు నీళ్ళు వచ్చే గీత) నుంచి 200 మీటర్ల లోపల భూమిలో నీళ్ళు తోడకూడదు. కంచె వేసుకున్నా జనం బీచ్‌కి వెళ్ళే దారికి అడ్డం రాకూడదు. రెండు రిసార్ట్‌ల మధ్య కనీసం 20 మీటర్ల దారి వదలాలి. ఇవన్నీ ఢిల్లీలో రాసినవే, మేం కల్పించినవి కావు. అదే నోటిఫికేషన్‌లో, కట్టడాలు కుదరని 200 మీటర్ల జోన్‌లో పార్కులు, ఆట మైదానాలు పెట్టుకోవచ్చని కూడా ఒక ముక్క ఉంది. గోల్ఫ్ ఆ ముక్క పట్టుకునే మా ఒడ్డుకి వచ్చిందేమోనని నా అనుమానం. మా పిల్లలు క్రికెట్ ఆడేదీ ఆ ఇసుక మీదే. వాళ్ళెప్పుడూ ముళ్ళతీగ అడగలేదు. 2019లో కొత్త నోటిఫికేషన్ వచ్చి, జనం కిక్కిరిసిన పల్లెల్లో 200 మీటర్ల గీతని 50కి తగ్గించినప్పుడు, కూలిపోతున్న ఇళ్ళు బాగుచేసుకోవచ్చని సంబరపడ్డాం. ఆ సడలింపులు మాకంటే ముందు ఎవరికి పనికొస్తాయో అప్పుడు తట్టలేదు.

ఆ మీటింగులో విదేశాల ఫోటోలు కూడా చూపించారట, సముద్రం పక్కన గోల్ఫ్ కోర్సులు ఆకాశం నుంచి ఎలా ఉంటాయో. కాలిఫోర్నియాలో పెబుల్ బీచ్, స్కాట్లండ్‌లో సెయింట్ ఆండ్రూస్. మంచిదే. సెయింట్ ఆండ్రూస్ గురించి మిగతాది కూడా చెప్పించుకోవాల్సింది. అక్కడి ఓల్డ్ కోర్సనే గోల్ఫ్ మైదానం ఉన్న ఇసుక నేలని 1894లో పార్లమెంటు చట్టం చేయించుకుని ఆ ఊరి మునిసిపాలిటీయే తీసుకుంది. ఇవాళ్టికీ అది జనం సొత్తు. ఆదివారం మామూలుగా ఆట బంద్, ఊళ్ళో జనం పిల్లాపాపలతో, కుక్కలతో దాని మీద నడుస్తారు. అక్కడి ఆడవాళ్ళు ఒకప్పుడు అదే గడ్డి మీద బట్టలు ఆరేసేవారు. బంతి వచ్చి బట్టల మీద పడితే బట్టలు పక్కకి లాగి ఆడుకోవచ్చని పాత రూల్స్‌లో రాసుకున్నారు. బట్టలు ఆరేసేవాళ్ళని వెళ్ళగొట్టమని రాసుకోలేదు. మా నెత్తళ్ళ కోసం మీరు అలాంటి రూల్ ఒకటి రాస్తే మేమే చప్పట్లు కొడతాం.

అదే స్కాట్లండ్‌లో ఇంకోటీ ఉంది. అబర్డీన్‌కి ఉత్తరాన కదిలే ఇసుక దిబ్బల మీద డొనాల్డ్ ట్రంప్ కోర్సు కట్టారు, 2012లో తెరిచారు. 2020లో అక్కడి ప్రభుత్వ సంస్థే ఆ దిబ్బలకున్న రక్షిత ప్రాంతం హోదా తీసేసింది, కాపాడాల్సిన ప్రత్యేకత ఇక మిగల్లేదని. మన ఎర్రమట్టి దిబ్బలకీ 2014 నుంచి జాతీయ భూవారసత్వ స్థలమన్న గుర్తింపు ఉంది. అయినా 2024లో అక్కడ తవ్విన ఫోటోలు పేపర్లలో చూశాం. రుషికొండని తొలిచిన చోట పచ్చ మ్యాట్ కప్పడం కూడా చూశాం. పై నుంచి చూస్తే అదీ పచ్చగానే ఉండి ఉంటుంది.

నీళ్ళ గురించి ఎక్కువ రాయను. 18 హోల్స్ కోర్సంటే వంద ఎకరాలు దాటిన మాటే. స్కాట్లండ్‌లో చినుకు పడుతూనే ఉంటుంది, గడ్డి దానంతటదే బతుకుతుంది. మనకి ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఆకాశం వైపు చూడ్డమే. శుద్ధి చేసిన మురుగునీరు వాడతామంటున్నారు. ఆ పైపులైను ఎక్కడి నుంచి, ఎప్పటికి వేస్తారని అడిగితే జవాబు లేదు. పైపు వచ్చేలోగా బోర్లు వేస్తారు. మా బావులు ఉప్పెక్కుతాయి. అంతే.

గోల్ఫ్ అంటే మాకు పేచీ లేదు. ముడసర్లోవ కొండల దగ్గర ఆడుకుంటున్నారు, ఎవరమైనా అడ్డు చెప్పామా? మా పిల్లలకి ఉద్యోగాలొస్తాయని కూడా అంటున్నారు. సంచీ మోసే పని, గేటు దగ్గర నిలబడే పని. మా తమ్ముడు ఐటీఐ చదివాడు. సొంత ఒడ్డుకి వెళ్ళనివ్వకుండా సొంత అమ్మని గేటు దగ్గర ఆపే ఉద్యోగం వాడికి ఇస్తారన్నమాట.

మంత్రిగారూ, పెద్ద పెద్ద కోరికలేం లేవు. ఆ ముళ్ళతీగ తీయించండి. మొత్తం తీయడం కుదరకపోతే ఎండబెట్టే చోటు వరకైనా, పడవల దారి వరకైనా తీయించండి. ఆ స్థలాన్ని మ్యాపులో పేరు పెట్టి చూపించమనండి. ప్లాట్‌ఫాం కట్టిస్తామన్నారు, కట్టించండి, కానీ ప్లాట్‌ఫాం కట్టాం కదా అని ఇసుక తీసేసుకోకండి. రిసార్ట్ వద్దంటే మీరు వినరని తెలుసు. వద్దనే అంటున్నాం, అయినా. ఆ ముళ్ళతీగ మాత్రం ముందు తీయించండి.

వైజాగ్ వచ్చినప్పుడు ఒకసారి మా వైపు రండి. హెలికాప్టర్లో కాదు, బీచ్ రోడ్డు మీద కార్లోనే. ఉదయం ఆరు లోపల వస్తే పడవలు దిగేది, వేలం పాడేది, ఎవరు ఏ మూల ఎండబెట్టేవారో అంతా అక్కడే నిలబడి చూపిస్తాం. సర్వేయర్ని కూడా వెంట తెచ్చుకోండి, టేపు మేం పట్టుకుంటాం. మాఘం వచ్చేలోపల వస్తే ఈ ఏడు సరుకైనా దక్కుతుంది. రావడం కుదరకపోతే, కనీసం ఆ కంప్యూటర్‌లో మా అర్జీ పక్కనున్న "పరిష్కరించబడింది" అన్న మాటైనా తీసేయించండి.

ఇట్లు,
భీమిలి బీచ్ రోడ్డు పక్క పల్లె నుంచి
ఎండుచేపలమ్మే ఒక తల్లి కూతురు