ఒక్క నిమిషం నాడి పట్టుకోండి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

మాది నర్సంపేట దగ్గర ఒక పల్లె. మా అమ్మకు 68 ఏళ్లు. నిరుడు నాట్లప్పుడు పొద్దున్నే చాయ్ గ్లాసు అందుకోబోతే చెయ్యి లేవలేదు. మూతి వంకర పోయింది. కుడి కాలు, చెయ్యి పడిపోయాయి. వరంగల్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం మొదలైన నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలట. మాకు ఆ టైం దాటిపోయింది.

ఆ గడ్డ గుండెలో పుట్టిందని అక్కడి డాక్టర్లు చెప్పారు. అమ్మకున్నది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బట. ఇందులో గుండె పై గదులు సరిగ్గా ముడుచుకోక వణుకుతుంటాయి. రక్తం అక్కడే నిలిచి గడ్డ కడుతుంది. అది మెదడు రక్తనాళంలో అడ్డుపడితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవాళ్లకు పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఏంటంటే, అంతకు 5 నెలల ముందే దడ వస్తోందని అమ్మను ఒక దవాఖానకు తీసుకెళితే ఈసీజీలో ఇదే జబ్బు కనిపించింది. దడ తగ్గే గోలీలు, ఆస్పిరిన్ రాసి పంపారు. పక్షవాతం ముప్పు లెక్క ఎవరూ వేయలేదు. వేళ్ల మీద వేసే లెక్క సార్ అది. బీపీకి 1, షుగర్‌కు 1, గుండె బలహీనపడితే 1, గుండెపోటు లాంటి రక్తనాళాల జబ్బుకు 1, వయసు 65 నిండితే 1, 75 నిండితే 2, ఇదివరకే పక్షవాతం వస్తే 2. మొత్తం 2 వచ్చిందంటే రక్తం గడ్డకట్టకుండా మందు ఇవ్వాలని 2024 యూరప్ గుండె వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆస్పిరిన్ ఆ పని చేయదు. అమ్మకు బీపీ, షుగర్, వయసు కలిపి 3.

చిన్నప్పటి కీళ్ల జ్వరంతో గుండె కవాటం బాగా సన్నబడి ఈ జబ్బు వచ్చినవాళ్లకైతే ఈ లెక్కతో పనే లేదు, మందు ఇవ్వాల్సిందే. అదీ వార్ఫరిన్ రకం పాత మందే, ఐఎన్ఆర్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతుందో చెప్పే రక్తపరీక్ష) చూసుకుంటూ.

అమ్మ ఇప్పుడు వాడేది ఆ పాత మందే, అసిట్రోమ్. ఒక రోజు ఒకటి, మరుసటి రోజు సగం. బ్లేడుతో కోసి, క్యాలెండర్ మీద గీత పెట్టుకుంటాను. ఐఎన్ఆర్ 2, 3 మధ్య ఉండాలి. తగ్గితే గడ్డ భయం, పెరిగితే రక్తస్రావం భయం. మోకాళ్లు గుంజుతున్నాయని ఆర్ఎంపీ దగ్గర నొప్పి గోలీ వేసుకున్నా ప్రమాదమే. ఈ ఒక్క రక్తపరీక్ష కోసం కాలు ఈడ్చే మనిషిని బస్సెక్కించి హనుమకొండ తీసుకెళ్తాను. ఆ రోజు నాకు కూలి లేదు.

ఆరోగ్యశ్రీని 10 లక్షలకు పెంచారు, సంతోషం. కానీ మాకు కావలసింది పెద్ద ఆపరేషన్ కాదు. మా ఊళ్లో బీపీ, షుగర్ చూసే ఏఎన్ఎం అమ్మలకు ఒక్క నిమిషం నాడి పట్టి చూడటం నేర్పించండి. తడబడితే పీహెచ్‌సీలో ఈసీజీ తీయించండి. జబ్బు తేలినవాళ్ల ఓపీ చిట్టీ మీద ఆ లెక్క అంకె రాయాలని, మందు ఇవ్వకపోతే ఎందుకో కూడా రాయాలని ఆర్డర్ ఇవ్వండి. ఐఎన్ఆర్ పరీక్ష, గోలీలు నర్సంపేటలో, ఏటూరునాగారంలో, ఎవరికి దగ్గరి ఊళ్లో వాళ్లకు దొరకాలి. ములుగు అడవి పల్లెల నుంచి నెలనెలా ఎవరు రాగలరు?

మొన్న పక్కింటి పెద్దమ్మ ఆయాసంగా ఉందంటే మణికట్టు మీద వేళ్లు పెట్టి చూశాను. నాలుగుసార్లు కొట్టి ఆగింది, రెండుసార్లు గబగబా కొట్టింది, మళ్లీ ఆగింది. ఆమెకు 75 దాటాయి, బీపీ ఉంది. సోమవారం ఈసీజీకి తీసుకెళ్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు ఆమె చేతిలోని చిట్టీ మీద ఆ అంకె రాసి ఉండాలి సార్.

ఇట్లు,
నర్సంపేట ప్రాంతం నుంచి ఒక కొడుకు