తల్లికుక్క స్నానానికి తలా ఓ చేయి వేసినవారికి కృతజ్ఞతలు

వీధిలో పిల్లల్ని పెట్టిన తల్లికుక్కనీ, దాని కూనల్నీ శుభ్రం చేయడానికి ముందుకొచ్చిన అందరికీ మా బృందం తరఫున నమస్కారాలు. పాత తువ్వాళ్ళు పంపిన అక్కలు, తూకం యంత్రం ఇచ్చిన అన్న, తల్లి తల దగ్గర కూర్చుని దాన్ని ఊరుకోబెట్టిన పిల్లలు, ఫోన్లో ఓపిగ్గా జవాబులు చెప్పిన పశువైద్యురాలు గారు, అందరి రుణం ఉంది మాకు. ఎవరి సాయం ఎందుకు పనికొచ్చిందో కూడా రాస్తున్నాం. ఇదే అవసరం రేపు ఇంకొకరికి పడొచ్చు.

ముందుగా, ‘కూనల్ని నీళ్ళలో పెట్టొద్దు’ అని పట్టుబట్టినవారికి. చూడ్డానికి మురికిగా ఉంటే కడిగేయాలనిపిస్తుంది, నిజమే. కానీ మొదటి వారంలో కూన ఒంటి వేడి 35 నుంచి 37 డిగ్రీలే, పెద్ద కుక్కకైతే 38 దాటి ఉంటుంది. వణికి వేడి పుట్టించుకోవడం ఆ వయసులో దానికి చేతకాదు. ఒళ్ళు తడిస్తే చూస్తుండగానే చల్లబడుతుంది. 34 డిగ్రీల దగ్గరికి జారిందంటే పేగుల కదలిక మందగించి, పాలు చీకడం మానేస్తుంది. అప్పుడు కంగారుపడి సీసాతో పాలు పట్టడం ఇంకా పెద్ద పొరపాటు. చల్లబడిన కడుపులో పాలు అరగవు, పొలమారి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముందు కూనను వెచ్చబరచాలి, అదీ గంట నుంచి మూడు గంటల వ్యవధిలో, మెల్లగా. పాలు ఆ తర్వాతే.

అందుకే నాలుగు వారాలు నిండేదాకా కూనలకు స్నానం లేదు. ఆరు నుంచి ఎనిమిది వారాల దాకా ఆగితే ఇంకా మేలు. అందాకా ఆ పని తల్లిది. మూడు వారాల వయసు వరకూ కూనలు తమంతట తాము మూత్రం, దొడ్డి సరిగా పోలేవు. తల్లి పొట్ట కింద నాకితేనే వస్తాయి, వచ్చినవి అదే నాకి శుభ్రం చేస్తుంది. అది వదిలేసిన చోట మాత్రమే మన చేయి పడాలి.

దూది ఉండలు పంపినవారి సాయం అక్కడే పనికొచ్చింది. ఒకసారికి ఒక్క కూననే తీయాలి, మిగతావి తల్లి దగ్గరే ఉండాలి. దూదిని గోరువెచ్చని నీళ్ళలో ముంచి, చుక్క కారనంతగా పిండాలి. తోక కింద దొడ్డి ఎండి అట్టకట్టి ఉంటే లాగకూడదు, చర్మం ఊడొస్తుంది. తడి దూదిని దానిమీద అర నిమిషం అలాగే ఆనించి ఉంచితే నాని, తుడవగానే వచ్చేస్తుంది. మూత్రం వచ్చే చోటినుంచి వెనక్కే తుడవాలి. బొడ్డుతాడు కొన్ని రోజుల్లో ఎండి రాలిపోతుంది. అందాకా ఆ చోట తడి తగలనీయొద్దు. మూసి ఉన్న కళ్ళను తెరవాలని చూడొద్దు, 10 నుంచి 14 రోజులకు వాటంతటవే విచ్చుకుంటాయి. తుడిచాక పొడి తువ్వాలుతో వెంట్రుకలకు ఎదురుగా అద్దుతూ, వేళ్ళ సందుల్లో, చంకల్లో కూడా తేమ లేకుండా చేయాలి. వెంట్రుకలు విడివిడిగా లేస్తేనే ఆరినట్టు. ఆ తర్వాత తల్లి దగ్గర పెట్టి, చన్ను పట్టుకునేదాకా చూసి, అప్పుడు రెండోదాన్ని తీయాలి.

ఇక తల్లి సంగతి. కనగానే స్నానం అక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు తోక, తొడల వెనక గోరువెచ్చని తడిగుడ్డతో తుడిస్తే చాలు. అది తిని, తాగి, పిల్లలకు స్థిమితంగా పాలిస్తుంటే ఆ తర్వాత నీళ్ళు పోయొచ్చు. వారం ఆగినా నష్టం లేదు. ఆపరేషన్ చేసి పిల్లల్ని తీసిన తల్లికైతే కుట్లు తీసేదాకా నీళ్ళు పోయకూడదు, సాధారణంగా 10 నుంచి 14 రోజులు.

నీళ్ళు 37, 38 డిగ్రీలు. థర్మామీటర్ లేకపోతే మోచేయి ముంచి చూడండి, వేడీ చల్లనా తెలియకూడదు. మెడ దగ్గర మొదలుపెట్టి మగ్గుతో మెల్లగా పోయాలి, పైపు ధార వద్దు. ముఖానికి తడిగుడ్డ చాలు, చెవుల్లోకి నీళ్ళు పోనీయొద్దు. ఐదు నుంచి పది నిమిషాల్లో ముగించి, తువ్వాళ్ళతో ఆరబెట్టడంతో కలిపి మొత్తం 20 నిమిషాల్లోపు పిల్లల దగ్గరికి చేర్చాలి. ఇక్కడే ఎక్కువ మంది కావాలి: ఒకరు తల దగ్గర, ఒకరు నీళ్ళకు, ఒకరు కూనల పెట్టె దగ్గర. కూనల అరుపు తల్లికి వినిపిస్తూ ఉంటే అది నిలవదు, తోసుకుని పోతుంది.

షాంపూ గురించి కొంచెం గట్టిగానే చెప్తాం, ప్రేమతో పంపినవాళ్ళు ఏమీ అనుకోవద్దు. మనుషుల షాంపూ కుక్క చర్మానికి పడదు. పరిమళం ఉన్నదైతే ఇంకో చిక్కు: కళ్ళూ చెవులూ తెరుచుకోని కూనకు తల్లి చన్ను దొరికేది ప్రధానంగా వాసన పట్టే. ఆ వాసన మారితే అది తడుముకుంటూ ఉండిపోతుంది. వాసన లేని కుక్కల షాంపూ అయినా వీపుకీ కాళ్ళకీ మాత్రమే. చన్నుల మీద ఉత్త గోరువెచ్చని నీళ్ళు, మెత్తని గుడ్డ. అక్కడ నురగ మిగిలితే నేరుగా కూన నోట్లోకే. టీ ట్రీ నూనె, ఫినాయిల్ కలిపిన నీళ్ళు అసలే వద్దు.

పేలూ పిడుదులూ కనిపిస్తే మందు పొడులు చల్లొద్దు, తల్లి ఒంటి మీది మందు కూనలు నాకుతాయి. పేలను సన్నపళ్ళ దువ్వెనతో దువ్వి సబ్బునీళ్ళ గిన్నెలో వేసి చంపడం, పిడుదుల్ని చర్మం దగ్గర పట్టకారుతో పట్టి లాగేయడమే అన్నిటికన్నా భద్రం. చిగుళ్ళు తెల్లగా పాలిపోయిన కూన ఉంటే పేలు రక్తం తాగేస్తున్నాయని అనుమానించి వెంటనే డాక్టరుకు చూపించాలి. ఏ మందైనా కూన వయసు, బరువు చెప్పి అడిగాకే.

స్నానం చేయించేటప్పుడే తల్లి ఒళ్ళు తడిమి చూడమని డాక్టరు గారు చెప్పింది బంగారంలాంటి మాట. ప్రతి చన్నూ వేళ్ళతో మెల్లగా నొక్కాలి. ఒక్కటే గట్టిగా, వేడిగా, ఎర్రగా ఉండి ముట్టుకుంటే మూలిగితే అది చన్నువాపు. కన్న తర్వాత ముదురాకుపచ్చగా మొదలై ఎర్రగోధుమ రంగుకు మారే స్రావం మూడు నాలుగు వారాలు ఉండటం మామూలే, కడిగి ఆపేయాలని చూడొద్దు. దుర్వాసన, చీము, జ్వరం ఉంటే మాత్రం గర్భసంచి ఇన్ఫెక్షన్. తల్లి ఊరికే రొప్పుతూ, కాళ్ళు బిగుసుకుని వణుకుతుంటే చలి అనుకోకండి. కాల్షియం పడిపోయి ఉండొచ్చు. తెల్లారేదాకా ఆగే జబ్బు కాదది.

పెట్టె సంగతి క్లుప్తంగా: మొదటి వారం కూనలు పడుకునే చోట 29 నుంచి 32 డిగ్రీలు, ఆ తర్వాత వారం వారం కొంచెం తగ్గించాలి. వేడినీళ్ళ సీసాకు తువ్వాలు చుట్టి ఒక పక్కనే పెట్టాలి. రెండో పక్క చల్లగా ఉంటేనే వేడెక్కువైన కూన జరిగిపోగలదు.

తూకం ఇచ్చిన అన్నా, మీ సాయం రోజూ వాడుకలో ఉంది. స్నానమైన మర్నాడు ఏ కూన అయినా బరువు పెరగకపోతే, చల్లబడిందో, పాలు అందలేదో అంకె ముందే చెప్పేస్తుంది. రోజుకు 5 నుంచి 10 శాతం పెరగాలి.

ఇంకేం పంపమంటారని అడుగుతున్నవారికి: షాంపూలు చాలు. పాత కాటన్ తువ్వాళ్ళు, దూది ఉంటే పంపండి. పరిమళం లేని సబ్బుతో ఉతికినవైతే మరీ మంచిది.