సోమవారం నుంచి ఉదయపు నడక, దానితో పాటు ఒక కొత్త అలవాటు

సభ్యులందరికీ నమస్కారం.

వచ్చే సోమవారం నుంచి ఉదయం 5:30 గంటలకు లొల్ల లాకుల దగ్గర కలుసుకొని, కాలువ గట్టు మీద అరగంట పాటు వేగంగా నడవాలని నిర్ణయించాము. పెద్దవారు వారానికి కనీసం 150 నిమిషాలు మధ్యస్థ తీవ్రత గల వ్యాయామం చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కనుక, ఐదు రోజులు వచ్చినా ఆ లెక్క సరిపోతుంది.

నడకతో పాటు ప్రతి ఒక్కరూ ఒక్క అలవాటును మాత్రమే ఎంచుకొని, ఆదివారం రాత్రిలోగా ఇక్కడ తెలియజేయగలరు. పడుకునే ముందు పది పేజీలు చదవడం కావచ్చు, ఊరగాయ తగ్గించడం కావచ్చు (ఉప్పు రోజుకు 5 గ్రాముల లోపే ఉండాలన్నదీ ఆ సంస్థ మాటే, ఆవకాయ ప్రియులు ఆగ్రహించవద్దు). "ఉదయం కాఫీ తాగిన వెంటనే" అన్నట్లు, రోజూ చేసే ఒక పనికి దానిని ముడిపెట్టి రాయండి.

21 రోజుల్లో అలవాటు స్థిరపడుతుందన్న మాటను నమ్మి తొందరపడవద్దు. లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2009లో వెలువరించిన అధ్యయనంలో అందుకు సుమారు 66 రోజులు పట్టింది. వ్యక్తిని బట్టి అది 18 నుంచి 254 రోజుల వరకు ఉండవచ్చని అంచనా వేశారు. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద నష్టం లేదనీ అందులో తేలింది కాబట్టి, రాలేకపోయినవారు మొహమాటపడి మానేయకుండా మరునాడు తప్పక రావాలి.

రక్తపోటు, మధుమేహం, మోకాళ్ల నొప్పులు ఉన్నవారు ముందుగా తమ వైద్యుణ్ణి సంప్రదించగలరు. గట్టు మీద చీకటిగా ఉంటుంది కనుక టార్చి లైటు, మంచినీళ్ల సీసా మరచిపోవద్దు.