వారానికి ఒక్క గంట కేటాయించండి: కర్ణాటక ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కర్ణాటక ఉన్నత విద్యాశాఖ మంత్రివర్యులకు,

నమస్కారాలు.

బెంగళూరు తూర్పున, కృష్ణరాజపురం దాటిన తర్వాత వచ్చే ఒక చిన్న ప్రైవేటు డిగ్రీ కళాశాలలో నేను కామర్స్ అధ్యాపకుణ్ణి. పాఠాలతో పాటు విద్యార్థి క్లబ్బులు, సాంస్కృతిక కార్యక్రమాల బాధ్యత కూడా కొన్నేళ్లుగా నాకే అప్పగించారు. మాలాంటి కళాశాలల్లో క్లబ్బులు పేరుకే ఎందుకు మిగిలిపోతున్నాయో, అవి నిజంగా నడవడానికి మీ శాఖ ఏం చేయగలదో మీ దృష్టికి తేవాలని ఈ లేఖ రాస్తున్నాను. దీని కన్నడ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. ముళబాగిలు, శ్రీనివాసపుర, బాగేపల్లి వైపు నుంచి, చిత్తూరు, అనంతపురం జిల్లాల నుంచి వచ్చి ఈ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు మా తరగతుల్లో చాలామంది ఉన్నారు. వారి తల్లిదండ్రులు కూడా చదవాలన్న ఉద్దేశంతో తెలుగులో బహిరంగంగా రాస్తున్నాను.

చిన్న కళాశాల అంటే ఎలా ఉంటుందో ముందు చెప్పాలి. మాకు హాస్టల్ లేదు, ఆటస్థలం లేదు. ఒకే భవనాన్ని మేమూ, అదే యాజమాన్యం నడిపే పీయూ (ఇంటర్మీడియట్) కళాశాలా పంచుకుంటాం. సెమినార్ హాలు అని బోర్డు పెట్టిన గది పరీక్షల కాలంలో పరీక్షల గది, అడ్మిషన్ల కాలంలో అడ్మిషన్ల గది. పెద్ద స్వయంప్రతిపత్తి కళాశాలల్లో క్లబ్బులకు ప్రాణం పోసేవి తరగతులు ముగిసిన తర్వాతి సాయంత్రాలు. నాటకం రిహార్సలైనా, వాదోపవాద పోటీ అయినా, రోబో తయారీ అయినా అక్కడ నాలుగు గంటల తర్వాతే మొదలవుతుంది. మా విద్యార్థికి ఆ సాయంత్రం లేదు. కేజీఎఫ్, బంగారుపేట, మాలూరు నుంచి సీజన్ టికెట్టు మీద వచ్చేవారు మారికుప్పం వైపు వెళ్లే సాయంత్రం బండి అందుకోవాలి, ఆ బండి తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. నగరంలోనే ఉండే అబ్బాయిల్లో చాలామంది మధ్యాహ్నం తర్వాత బట్టల దుకాణాల్లోనో, సరుకుల డెలివరీలోనో పని చేస్తారు. 2023 జూన్‌లో మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం కల్పించే శక్తి పథకం వచ్చాక హోసకోట, ముళబాగిలు వైపు నుంచి రోజూ బస్సులో వచ్చి చదివే అమ్మాయిల సంఖ్య మా కళాశాలలో పెరిగింది, ఇది ప్రభుత్వం చేసిన మంచి పని అని మనస్ఫూర్తిగా అంటాను. అయితే ఆ అమ్మాయికి ఇంట్లో అనుమతి ఉన్నది కళాశాల వదిలే వేళ వరకే. క్లబ్బు సమావేశం సాయంత్రం పెట్టామంటే, ఆమెను రావద్దని చెప్పినట్టే.

ఈ పరిస్థితిలో క్లబ్బులన్నీ కాగితం మీదికి వెళ్లిపోయాయి. మన బెంగళూరులోనే, నాగరబావిలో ప్రధాన కార్యాలయం ఉన్న న్యాక్ సంస్థ 1994లో ఏర్పడి, కళాశాలల నాణ్యతను మదింపు చేస్తోంది. దాని ప్రమాణాల్లో ఒకటి విద్యార్థులకు అందే సహాయానికి, వారి పురోగతికి సంబంధించినది, అందులో విద్యార్థులు పాల్గొనే కార్యక్రమాలకు ప్రత్యేకంగా స్థానం ఉంది. ఉద్దేశం మంచిదే. ఆచరణలో జరిగేదేమిటో ఒక మధ్యాహ్నం నేను దగ్గరుండి చూశాను. బీకామ్ రెండో సంవత్సరం పిల్లలను హాలులో కూర్చోబెట్టి, వేదిక వెనుక పర్యావరణ క్లబ్బు ఫ్లెక్సీ కట్టారు. దీపం వెలిగించారు, అతిథికి శాలువా కప్పి మైసూరు పేటా అనే తలపాగా పెట్టారు, తేదీ, స్థలం పడే కెమెరా యాప్‌తో ఫొటోలు తీశారు. అతిథి కారెక్కగానే ఆ ఫ్లెక్సీ విప్పి వినియోగదారుల క్లబ్బు ఫ్లెక్సీ కట్టారు. ముందు వరుసలో ఉన్నవారిని వెనక్కి, వెనక ఉన్నవారిని ముందుకు మార్చి మళ్లీ ఫొటోలు తీశారు. పిల్లలు నవ్వుకుంటూ సీట్లు మారారు. రెండు క్లబ్బుల నివేదికలూ ఆ వారంలోనే ఫైలుకెక్కాయి. ఇందులో ప్రిన్సిపాల్‌ను గానీ, ఆ అధ్యాపకులను గానీ నేను తప్పుపట్టను. సమయం ఇవ్వకుండా ఆధారాలు మాత్రమే అడిగితే ఎవరైనా ఆధారాలే తయారు చేస్తారు.

దీనికి భిన్నంగా, చిన్న కళాశాలల్లో కూడా దశాబ్దాలుగా నిలబడిన కార్యక్రమం ఒకటుంది, అది ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం). గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబర్ 24న, 37 విశ్వవిద్యాలయాల్లో సుమారు 40,000 మంది విద్యార్థులతో అది మొదలైంది. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లలో 240 గంటల సేవ, దత్తత గ్రామంలో ఏడు రోజుల శిబిరం, యూనిట్‌కు ఒక ప్రోగ్రాం ఆఫీసరు, ఖర్చుకు కొంత నిధి అని నియమం ఉంది కాబట్టే అది నిలబడింది. ఎన్‌ఎస్‌ఎస్‌లోనూ కాగితపు పని ఉన్నదని నాకు తెలియకపోలేదు. అయినా శిబిరానికి వెళ్లొచ్చిన పిల్లవాడికీ, వెళ్లని పిల్లవాడికీ తేడా తరగతిలో కనబడుతుంది. కానీ ఒక యూనిట్ అంటే సాధారణంగా వంద మంది. నాలుగైదు వందల మంది ఉన్న కళాశాలలో మిగతావారు ఏం చేయాలన్నది ఎవరూ ఆలోచించలేదు.

మార్కులతో ఈ లోటు తీరుతుందని ఒకప్పుడు అనుకున్నారు. 2021లో జాతీయ విద్యావిధానాన్ని అందరికంటే ముందు మన రాష్ట్రమే అమలు చేసినప్పుడు, ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్, సాంస్కృతిక కార్యక్రమాలకు క్రెడిట్ ఇచ్చారు. 2024–25 నుంచి ఆ విధానాన్ని వదిలి మళ్లీ మూడేళ్ల డిగ్రీకి వచ్చాం. ఆ విధానం నడిచిన మూడేళ్ల అనుభవంలో నాకు అర్థమైనదేమిటంటే, క్రెడిట్ ఉన్నంత మాత్రాన పిల్లలు పాటలు పాడలేదు, ఆటలు ఆడలేదు, రికార్డు పుస్తకం రాశారు. అది కూడా ఒకరు రాస్తే పదిమంది ఎత్తి రాసుకున్నారు. అందువల్ల క్లబ్బులకు మార్కులు పెట్టమని నేను అడగడం లేదు. పెట్టవద్దనే కోరుతున్నాను.

నేను కోరేది వారంలో ఒక గంట. కళాశాల పనివేళల్లోనే, టైంటేబుల్‌లో అచ్చయిన గంట, ఏ సబ్జెక్టూ దాన్ని లాక్కోవడానికి వీల్లేని గంట.

ఇంత చిన్న కోరికకు మంత్రి దాకా రావాలా అని మీరు అనుకోవచ్చు. ఆ గంట ఏం చేయగలదో మా కళాశాలలో అనుకోకుండా తెలిసింది. ఒక సెమిస్టర్‌లో ఒక అధ్యాపక పోస్టు ఖాళీగా ఉండిపోయి, శనివారం మూడో పీరియడ్ ఎవరికీ చెందకుండా మిగిలింది. ఆ ఖాళీ పుణ్యమా అని మేడమెట్ల మలుపులో గోడపత్రిక ఒకటి పుట్టింది. నాలుగు చార్టులు అతికించిన గోడ, పక్కన దారంతో వేలాడదీసిన స్కెచ్ పెన్ను, అంతే దాని పెట్టుబడి. మొదట్లో క్రికెట్ స్కోర్లు, సినిమా నటుల బొమ్మలు వచ్చాయి. నాలుగో వారానికి శ్రీనివాసపుర అమ్మాయి ఒకతె తమ ఊరి మామిడి మండీలో కమీషన్ లెక్క ఎలా నడుస్తుందో రాసింది. భాష తెలుగే, లిపి మాత్రం కన్నడం, ఎందుకంటే ఆమె బడిలో నేర్చుకున్న లిపి అదొక్కటే. మదనపల్లె అబ్బాయి ఒకడు చదవలేక, పక్కవాడి చేత చదివించుకుని, టమాటా మార్కెట్టులో కూడా ఇదే తంతు అంటూ కింద తెలుగు లిపిలో జవాబు రాశాడు. కాస్ట్ అకౌంటింగ్ పాఠంలో నేను ఎన్నడూ రాబట్టలేని చర్చ అది. ఆ తర్వాత సెమిస్టర్‌కు పోస్టు భర్తీ అయింది, శనివారం పీరియడ్ పాఠానికి వెళ్లిపోయింది, గోడపత్రిక ఆగిపోయింది. కొత్త అధ్యాపకుడు వచ్చినందుకు సంతోషించాల్సిందే, సంతోషించాను కూడా.

గంట స్థిరంగా ఉండటం ఎంత ముఖ్యమో చెప్పడానికి మన నగరంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. గౌరిబిదనూరు తాలూకా నుంచి వచ్చి, బసవనగుడి నేషనల్ కళాశాలకు ప్రిన్సిపాల్ అయి, తర్వాత బెంగళూరు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన డాక్టర్ హెచ్. నరసింహయ్య గారు 1962లో బెంగళూరు సైన్స్ ఫోరం ప్రారంభించారు. అక్కడ బుధవారం సాయంత్రం అంటే సైన్స్ ఉపన్యాసమే. వక్త ఎవరైనా, విషయం ఏదైనా, ఆ రోజు, ఆ వేళ అని ఊరికి తెలుసు. ఈ నగరంలో సైన్స్ పట్ల ఆసక్తి ఉన్న ఎన్నో తరాలు ఆ అలవాటులో పెరిగాయి. మా పిల్లలు సాయంత్రం బసవనగుడి దాకా వెళ్లలేరు. ఆ అలవాటునే పగటిపూట వాళ్ల కళాశాలలో చేయవచ్చు.

గంట వచ్చాక రెండు అడ్డంకులు మిగులుతాయి. మొదటిది డబ్బు, నిజానికి ఇది మనం భయపడేంత పెద్దది కాదు. అడ్మిషన్ రసీదులో క్రీడల రుసుము, సాంస్కృతిక రుసుము, కళాశాల పత్రిక రుసుము అని విడివిడిగా వసూలు చేస్తారు. తరగతికి వచ్చాక ఒక జత షటిల్ బ్యాట్లు కొనాలన్నా యాజమాన్యానికి అర్జీ పెట్టుకోవాలి. ఏ పద్దు కింద ఎంత వచ్చింది, దేనికి ఖర్చయింది అనే పట్టికను ఏడాదికొకసారి నోటీసు బోర్డు మీద పెట్టాలని మీ శాఖ ఆదేశిస్తే చాలు. బీకామ్ పిల్లలే దాన్ని ఆడిట్ చేస్తారు, వాళ్లకు అది ప్రాక్టికల్‌గా కూడా పనికొస్తుంది.

రెండోది మనుషులు, ఇది నిజంగానే కష్టమైనది. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో బోధన భారంలో పెద్ద భాగాన్ని అతిథి అధ్యాపకులు మోస్తున్నారు. వారానికి ఇన్ని గంటల బోధన అన్న లెక్క మీద వారి గౌరవ వేతనం ఆధారపడి ఉంటుంది. ప్రైవేటు కళాశాలల్లో మా పరిస్థితి అంతకంటే మెరుగని చెప్పను. క్లబ్బులో గడిపిన గంటను బోధన గంటగా లెక్కించనంత కాలం, ఆ పని ఉత్సాహం ఉన్న ఒకరిద్దరి మీద పడి, వారు అలసిపోయిన రోజున ఆగిపోతుంది. అందువల్ల ఆ గంటను అధ్యాపకుల పనిభారంలో కలపాలని కోరుతున్నాను. ఖజానా మీద పడే భారం ఉందని ఒప్పుకుంటాను. కోరినవాటిలో ఖర్చుతో కూడినది ఇదొక్కటే.

క్లబ్బు కార్యదర్శిని ఎవరు ఎంపిక చేయాలన్నది మరో మాట. ఇప్పుడు మేమే, ఎక్కువ మార్కులు వచ్చిన విద్యార్థిని చూసి పేరు రాసేస్తాం. ఆ పిల్లవాడు చదువుకుంటాడు, క్లబ్బు నిద్రపోతుంది. విద్యార్థి సంఘాల ఎన్నికల గురించి లింగ్డో కమిటీ సిఫార్సులను 2006లో సుప్రీంకోర్టు ఆమోదించినప్పటి నుంచీ చర్చ నడుస్తూనే ఉంది, దానిలోకి నేను ఇక్కడ వెళ్లదలచుకోలేదు. చదరంగం క్లబ్బుకు కార్యదర్శిని చదరంగం ఆడేవారు చేతులెత్తి ఎన్నుకోవడానికి ఏ కమిటీ నివేదికా అడ్డు రాదు.

సిలబస్ పూర్తి కాదని ప్రిన్సిపాళ్లు అభ్యంతరం చెబుతారు. అది తీసిపారేయదగిన మాట కాదు. అడ్మిషన్లు ఆలస్యమై, పరీక్షలు ముందుకు జరిగి, తొంభై పనిదినాల సెమిస్టర్ చేతికి వచ్చేసరికి కుంచించుకుపోతోంది. అయితే ఆ నష్టం క్లబ్బుల వల్ల వచ్చింది కాదు, క్లబ్బులు మానేసినా తీరలేదు. ఫీజు కట్టేది మార్కుల కోసమని తల్లిదండ్రులు కూడా అంటారు. వారితో నేను మాట్లాడగలను. పిల్లవాడు ఉద్యోగ ఇంటర్వ్యూలో నోరు విప్పలేక తిరిగొచ్చినప్పుడు వచ్చి నన్ను అడిగేదీ ఆ తల్లిదండ్రులే.

చుట్టుపక్కల ఉన్న మూడు నాలుగు చిన్న కళాశాలలు అదే రోజున అదే గంటను ఉంచుకుంటే, ఒకచోట ఉన్న ఆటస్థలం, మరోచోట ఉన్న మైకు సెట్టు అందరికీ పనికొస్తాయి. కామర్స్ మాత్రమే ఉన్న మా పిల్లలు పక్క కళాశాల సైన్స్ పిల్లలతో ఒక జట్టుగా ఆడగలరు. ఇది కళాశాలలు తమలో తాము కుదుర్చుకోలేవు. రోజును విశ్వవిద్యాలయ స్థాయిలోనే నిర్ణయించాలి.

కాబట్టి వచ్చే విద్యా సంవత్సరపు క్యాలెండర్‌ను విశ్వవిద్యాలయాలు ప్రకటించే ముందే, వారంలో ఏ రోజు, ఏ పీరియడ్ అన్నది చేర్చేలా మీ శాఖ నుంచి ఆదేశం వెళ్లాలని ప్రార్థిస్తున్నాను. తరగతులు మొదలయ్యాక వచ్చే సర్క్యులర్‌కు మా కళాశాలల్లో చోటు దొరకదు. టైంటేబుల్ ఒకసారి గోడకెక్కిందంటే, అందులో ఖాళీ గడి ఏ సబ్జెక్టుకు పోయిందో వెతుక్కోవడమే మిగులుతుంది. ఆదేశంతో పాటు ఫొటోలు పంపమని మాత్రం దయచేసి అడగవద్దు. కావాలంటే ఆ గంటలో మీ అధికారి ఒకరు ముందు చెప్పకుండా మా కళాశాలకు రావచ్చు.

భవదీయుడు,
బెంగళూరు తూర్పు ప్రాంతంలోని ఒక డిగ్రీ కళాశాల అధ్యాపకుడు