పెట్రోవ్ డిఫెన్స్ కాపీ ఆట కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పిల్లల పేజీలో చదరంగంలో పెట్రోవ్ డిఫెన్స్ అనే ఓపెనింగ్ (అంటే ఆట మొదట్లో వేసే ఎత్తుల వరుస) మీద వేసిన చిన్న వ్యాసం చదివాను. తెల్లవాళ్లు రాజు ముందు బంటు తోస్తే నల్లవాళ్లూ తోస్తారు, తెల్ల గుర్రం దూకితే నల్ల గుర్రమూ దూకుతుంది, ఇది వట్టి కాపీ ఆట, పిల్లలు దీని జోలికి పోవద్దు అని తేల్చేశారు. అక్కడే నాకు పేచీ. నిజానికి ఈ ఆట వల్ల మా ఇంట్లో గట్టి దెబ్బే తగిలింది, మీతో కలిసి నేనూ తిట్టాలి, కానీ తప్పు ఆటది కాదు.

మా మనవరాలికి పదేళ్లు. కోచింగ్‌లో వాళ్లకి ఓపెనింగుల జిరాక్స్ కాగితం ఒకటి ఇచ్చి బట్టీ పట్టమన్నారు. మొన్న జిల్లా పోటీలో పిల్ల నల్లపావులతో ఈ పెట్రోవే ఆడింది. పెద్దవాళ్లని హాల్లోకి రానివ్వరు కదా, నేను బయట మెట్ల మీద కూర్చున్నాను. గంట తర్వాత స్కోర్ షీట్ నలిపి పట్టుకుని వచ్చి, "తాతయ్యా, కాగితంలో ఉన్నట్టే వేశాను, ఐదో ఎత్తుకే మంత్రి పోయింది" అంది. ఆ తర్వాత ముప్పై ఎత్తులు ఏడుపు ఆపుకుంటూ ఆడిందట. మంత్రి లేకుండా అంతసేపు నిలబడిందంటే నాకు ముచ్చటే వేసింది, అది వేరే సంగతి.

ఏమైందో చెప్తాను. బోర్డు మీద గడులకి అడ్డంగా ఏ నుంచి హెచ్ దాకా అక్షరాలు, నిలువుగా ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలు. తెల్లవాళ్లు రాజు ముందు బంటుని ఈ-4కి తోస్తారు, మనం ఈ-5కి. తెల్ల గుర్రం ఎఫ్-3కి వచ్చి మన బంటు మీద కన్నేస్తుంది. మామూలుగా అందరూ మంత్రి వైపున్న గుర్రాన్ని సి-6కి తెచ్చి బంటుకి కాపలా పెడతారు. పెట్రోవ్‌లో అలా కాదు. రాజు వైపున్న గుర్రాన్ని ఎఫ్-6కి తెచ్చి ఎదుటివాడి ఈ-4 బంటు మీదికే పోతాం. నా బంటు మీద చెయ్యి వేస్తే నీ బంటు మీద నేనూ వేస్తా అన్నమాట. చూడ్డానికి కాపీలా ఉంటుంది, ఉద్దేశం ఎదురుదాడి. పంతొమ్మిదో శతాబ్దంలో రష్యాలో అలెగ్జాండర్ పెట్రోవ్ అనే ఆటగాడు దీన్ని శోధించాడు, అందుకే ఆ పేరు, రష్యన్ గేమ్ అని కూడా అంటారు.

ఇప్పుడు తెల్ల గుర్రం మన బంటుని కొట్టి ఈ-5లో కూర్చుంది. వెంటనే మనమూ ఈ-4 బంటుని కొట్టేద్దామనిపిస్తుంది. మా పిల్ల కొట్టింది. అవతలి కుర్రాడు మంత్రిని ఈ-2కి తెచ్చి మన గుర్రం మీద గురి పెట్టాడు, ఈ పిల్ల కంగారులో గుర్రాన్ని వెనక్కి ఎఫ్-6కి లాగేసింది. అంతే, తెల్ల గుర్రం సి-6లోకి దూకింది. గుర్రం తప్పుకోగానే వెనకున్న తెల్ల మంత్రి నుంచి మన రాజుకి చెక్, అదే గుర్రం గురి మన మంత్రి మీద. చెక్ తప్పించుకుంటే మంత్రి పోతుంది, ఇంకో దారి లేదు. గుర్రాన్ని లాగకుండా మన మంత్రినే ఈ-7లో పెట్టుంటే ఒక్క బంటు నష్టంతో బయటపడేది.

సరైన వరుస చాలా చిన్నది. ముందు డి-6 బంటు వేసి ఆ తెల్ల గుర్రాన్ని అదిలించాలి, అది వెనక్కి పోయాకే మనం ఈ-4 బంటుని తినాలి. అప్పుడు తెల్ల మంత్రి ఈ-2కి వచ్చినా మన మంత్రిని ఈ-7లో ఎదురు పెట్టి నిలబడొచ్చు. ఈ డి-6 ఎత్తు ఆ జిరాక్స్ కాగితంలో ఉంది, నేను ఇంటికొచ్చి చూశాను. ఎందుకు వేయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు, కారణం తెలియని ఎత్తు పిల్లల బుర్రలోంచి ముందు జారిపోతుంది. అసలు మా నాన్న నేర్పిన పాత ఆటలో బంటు మొదటిసారి కూడా ఒక్క గడే కదిలేది, నాకే ఇవన్నీ పేపర్లు చూసి, మనవరాలిని చూసి నేర్చుకోవాల్సి వచ్చింది.

బట్టీ వల్ల పిల్లలే పడతారనుకోకండి. 1988లో స్విట్జర్లాండ్‌లోని బీల్‌లో విశ్వనాథన్ ఆనంద్ అంతటివాడు ఇదే పెట్రోవ్‌లో కొలంబియా ఆటగాడు జపాటా చేతిలో ఆరు ఎత్తుల్లో ఓడిపోయాడు. డి-6 వేశాడు, ఈ-4 బంటు తిన్నాడు, అన్నీ సరిగ్గానే చేశాడు. తెల్లవాళ్లు ఇంకో గుర్రాన్ని సి-3కి తెస్తే ఈయన బిషప్‌ని ఎఫ్-5లో పెట్టాడు. తెల్ల మంత్రి ఈ-2కి రాగానే ఆట వదిలేశాడు. ఎందుకంటే ఈ-4లో ఉన్న గుర్రం కదిలితే రాజుకి చెక్, కదలకపోతే గుర్రమే పోతుంది, మంత్రిని ఈ-7లో అడ్డం పెట్టినా తెల్ల గుర్రం డి-5కి వచ్చి తరిమేస్తుంది. అంతకు ముందు ఏడాది మైల్స్, క్రిస్టియన్సెన్ అనే గ్రాండ్‌మాస్టర్లు ఆడిన ఆటలో ఇదే బిషప్ ఎత్తు పడింది, తెల్లవాళ్లు దాన్ని శిక్షించలేదు, ఆట డ్రా. అచ్చులో వచ్చిన ఆ ఆటని ఆనంద్ నమ్మాడని చెప్పుకుంటారు. ఈ కథ మనవరాలికి చెప్తే ఓటమి బాధ సగం పోయింది, "ఆనంద్ కూడానా!" అని రెండుసార్లు అడిగింది.

ఇక కాపీ ఆట, బలహీనమైన ఆట అనే మాటకొస్తే, 2018లో లండన్‌లో అప్పటి ప్రపంచ ఛాంపియన్ కార్ల్‌సన్ మీద టైటిల్ కోసం ఆడిన అమెరికా ఆటగాడు కరువానా నల్లపావులతో నమ్ముకున్నది దీన్నే. ఆరో ఆటలో కార్ల్‌సన్‌ని ఎనభై ఎత్తుల దాకా ఇబ్బంది పెట్టి డ్రా చేశాడు. దీనికి నిజంగా ఒక లోపం ఉంది, తెల్లవాళ్లకి గెలవాలని లేకపోతే డ్రాకి ఈడ్చేయొచ్చు, పిల్లలకి బోర్ కొడుతుంది. ఆ మాట రాసుంటే ఒప్పుకునేవాణ్ణి.

మీ పేజీలో చోటు తక్కువని తెలుసు. అయినా ఓపెనింగ్ వేసినప్పుడల్లా ఎత్తుల వరుసతో పాటు ఈ ఎత్తు ఎందుకు అని ఒక్క వాక్యం వేయండి, వీలైతే ఆ ఐదో ఎత్తు దగ్గర బోర్డు బొమ్మ కూడా. బొమ్మ కింద అక్షరాలు కాస్త పెద్దవిగా వేయమని మనవి, పోయిన వారం బీ ఏదో డీ ఏదో అద్దం పెట్టుకుని చూడాల్సి వచ్చింది.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, తెనాలి