పది నెలల అడ్వాన్సు ఎవరి డబ్బు?

సంపాదకుడు గారికి,
నమస్కారం.

బెంగళూరులో అద్దె ఇంటి కోసం తిరిగే మనవాళ్ల అగచాట్ల గురించి మీ పత్రికలో తరచూ చదువుతుంటాను. ఆ కథల్లో విలన్‌గా కనిపించే ఓనర్లలో నేనూ ఒకణ్ని. మాది అనంతపురం జిల్లా. ఉద్యోగం కోసం ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. రామమూర్తి నగర్‌లో ఉంటున్నాం. అద్దెకిచ్చుకోవడానికని మారతహళ్లి దగ్గర ఒక పాత టూ బీహెచ్‌కే ఫ్లాటు కొన్నాను. పది నెలల అద్దెను, ఖాళీ చేసేటప్పుడు తిరిగివ్వాల్సిన అడ్వాన్సుగా తీసుకునే మా అలవాటును చట్టం చేసి ఆపించాలని అడగడానికే ఈ ఉత్తరం. ఓనరై ఉండి ఇదేం కోరిక అని నవ్వుకునేవాళ్లు నా లెక్క ఒకసారి చూడండి.

2018లో ఆ ఫ్లాటు 48 లక్షలకు కుదిరింది. ఆ స్థాయి ఇంటి లోన్‌కు విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదని రిజర్వ్ బ్యాంకు నిబంధన. 38 లక్షలు వచ్చాయి. మిగతా పది లక్షల కోసం చీటీ పాడాను, ఊళ్లో కాస్త పొలం అమ్మాను. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కింద ఇంకో మూడు లక్షల పైచిలుకు అయింది. అది బ్యాంకు లెక్కలోకి రాదు, జేబులోంచి తీయాల్సిందే.

తీరా తాళం చేతికొచ్చాక చూస్తే పైన పటారం, లోన లొటారం. అమ్మినాయన కొత్తగా రంగు వేయించి చూపించాడు. నెల తిరక్కుండానే ఆ రంగు పొక్కులు పొక్కులుగా లేచి, బాత్‌రూమ్‌కు ఆనుకున్న బెడ్‌రూమ్ గోడంతా చెమ్మ తేలింది. టైల్స్ పగలగొట్టించి, వాటర్‌ప్రూఫింగ్ చేయించి, మళ్లీ పరిపించాను. నీళ్ల పైపులు పాతకాలపు ఇనుపవి. తుప్పు పేరుకుని ట్యాప్ తిప్పితే నూలుపోగులా ధార. వైరింగు సంగతి సరేసరి, గీజర్ వేస్తే మిక్సీ వేయకూడదు. పాత ఫ్లాటు కొనాలనుకునేవాళ్లకు ఉచిత సలహా: పొడిగా ఉన్న ఎండాకాలంలో కాదు, వానాకాలంలో వెళ్లి చూడండి.

మరమ్మతులకు 1 లక్షా 90 వేలు తేలింది. చేతిలో ఏమీ మిగల్లేదు. మేస్త్రీకి, ప్లంబర్‌కు సగం బాకీ పెట్టాను. అప్పుడు దిగారు నెల్లూరు, ప్రొద్దుటూరు నుంచి వచ్చిన ముగ్గురు సాఫ్ట్‌వేర్ కుర్రాళ్లు. అద్దె 18 వేలు, అడ్వాన్సు 1 లక్షా 80 వేలు. ఆ డబ్బు నా ఖాతాలో నాలుగు రోజులు కూడా నిలవలేదు. అంటే నా ఇంటి బాత్‌రూమ్ ఆ పిల్లల డబ్బుతో బాగయిందన్నమాట, అదీ వడ్డీ లేకుండా. ఈఎంఐ 33 వేల చిల్లర. అద్దె పోగా మిగిలినది నెలనెలా జీతంలోంచి కడుతున్నవాణ్ని, ఆ అడ్వాన్సును మళ్లీ ఎక్కడ కూడబెట్టేది?

నేనొక్కణ్నే ఇలా చేశానని అనుకోకండి. మా చుట్టుపక్కల చిన్న ఓనర్లలో చాలామందిది ఇదే కథ. పాతవాళ్లు ఖాళీ చేసేటప్పుడు ఇచ్చే డబ్బు, కొత్తవాళ్లు తెచ్చే అడ్వాన్సే. ఈ గొలుసు తెగనంత కాలం అందరం పెద్దమనుషులమే. 2020లో కరోనాతో తెగింది. వర్క్ ఫ్రమ్ హోమ్ ఇచ్చారని జూలైలో ఆ కుర్రాళ్లు ఇల్లు ఖాళీ చేసి ఊళ్లకు వెళ్లిపోయారు. కొత్తవాళ్లు వచ్చే సూచనే లేదు. ఇదిగో అదిగో అంటూ రెండు నెలలు వాళ్లను తిప్పాను. చివరికి మా ఆవిడ గాజులు బ్యాంకులో కుదువ పెట్టి ఇచ్చాను. ఇచ్చేటప్పుడు కూడా ఇక్కడి ఆచారం ప్రకారం పెయింటింగ్ పేరు చెప్పి ఒక నెల అద్దె కోశాను. వాళ్లలో ఒకతను ఫోన్ చేసి, చాలా మర్యాదగానే, “సార్, రంగు వేయించిన బిల్లు ఉంటే పంపండి” అన్నాడు. బిల్లు లేదు. ఎందుకంటే రంగే వేయించలేదు.

ఆ 18 వేలు తర్వాత పంపించేశాను. కానీ ఆ ఫోన్ వచ్చిన రోజు నుంచి ఈ పెయింటింగ్ కోత గురించి కాస్త చదివాను. ఇల్లు అద్దెకిచ్చినవాడికి ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలో, కట్టిన ఇంటి పన్ను తీసేశాక మిగిలిన అద్దెలో 30 శాతం మినహాయింపు ఉంటుంది. మరమ్మతులు, సున్నాలు వగైరాల కోసమే అది. నిజంగా ఖర్చు పెట్టామా లేదా అని ఎవరూ అడగరు. ఆ మినహాయింపు తీసుకుని, అదే ఖర్చును మళ్లీ టెనెంట్ దగ్గర కోయడం ఏ లెక్కలో న్యాయం? కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఎవరి పని ఏదో పట్టిక వేసి మరీ రాశారు. గోడలకు సున్నం, తలుపులకు రంగు, పైపులు, వైరింగు ఓనరు బాధ్యత. ట్యాప్ వాషర్లు, స్విచ్చులు, తాళాలు, అద్దాలు టెనెంటు బాధ్యత. నివాసానికైతే అడ్వాన్సు రెండు నెలలకు మించకూడదనీ అందులో ఉంది.

అయితే అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు చట్టం చేసుకుంటేనే చెల్లుతుంది. తమిళనాడు అంతకుముందే 2017లో కొత్త అద్దె చట్టం తెచ్చింది. వేరే ఒప్పందం లేకపోతే మూడు నెలల అద్దెకు మించి తీసుకోకూడదంటుంది. ఆ “వేరే ఒప్పందం” అనే సందు పెద్దదే, కాదనను. ఇక్కడ కర్ణాటకలో ఆ మాత్రం కూడా లేదు. 1999 నాటి కర్ణాటక అద్దె చట్టం నెలకు 3,500 దాటిన అద్దెలకు వర్తించదు. ఈ రోజు బెంగళూరులో 3,500కు బైకు పెట్టుకునే షెడ్డు దొరికితే గొప్ప. ఇక మిగిలింది స్టాంపు పేపరు మీద రాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటు. ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి కాబట్టి ఆ పదకొండు. అందులో ఓనరు ఏం రాయిస్తే అదే శాసనం.

ఈ అడ్వాన్సుకు పెద్దన్న లీజు పద్ధతి, కన్నడిగులు భోగ్య అంటారు. పది పదిహేను లక్షలు ఒకేసారి ఇచ్చి అద్దె లేకుండా రెండు మూడేళ్లు ఉంటారు. ఆ ఇంటి మీద అప్పటికే బ్యాంకు లోన్ ఉండి, ఓనరు కట్టడం మానేస్తే బ్యాంకు వచ్చి సీలు వేస్తుంది. లీజు డబ్బు కట్టి ఉంటున్నవాడు వీధిలో నిలబడతాడు.

తోటి ఓనర్ల భయం నాకు తెలుసు. రెండు నెలల అడ్వాన్సుతో టెనెంటు అద్దె ఎగ్గొట్టి కూర్చుంటే సివిల్ కోర్టు చుట్టూ ఎన్నేళ్లు తిరగాలి అంటారు. నిజమే, ఆ భయమే పది నెలలకు మూలం. అందుకే అడ్వాన్సు తగ్గించడంతో పాటు, నమూనా చట్టంలో చెప్పినట్టు అద్దె తగాదాలకు ప్రత్యేక కోర్టులు కూడా రావాలి. గడువు తీరాక కదలని టెనెంటు మొదటి రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు కట్టాలని అందులో ఉంది. రెండూ కలిపి తెస్తేనే చిన్న ఓనరు ఒప్పుకుంటాడు. ఒకటి తెచ్చి ఇంకోటి వదిలేస్తే కాగితం మీద రెండు నెలలు, చేతిలో నగదు ఎనిమిది నెలలు అవుతుంది. నోరు తెరిచి అడిగే ధైర్యం ఏ టెనెంటుకూ ఉండదు.

పోయినసారి నా ఫ్లాటు మూడు నెలల అడ్వాన్సుకే ఇచ్చాను. ఆ డబ్బు విడిగా ఎఫ్‌డీలో వేశాను. అక్కడి బ్రోకర్ నా గురించి “ఓనరు కాస్త తిక్క మనిషి, మూడు నెలలే అడుగుతాడు” అని చెబుతున్నాడట. తన కమిషన్ మాత్రం ఎప్పట్లాగే ఒక నెల అద్దె, రూపాయి తగ్గలేదు.

ఇట్లు,
మీ పాఠకుడు,
రామమూర్తి నగర్, బెంగళూరు