లంగరు మీద ఉన్న మా పడవను కాపాడినవాళ్లకు

మొన్న ఆదివారం తెల్లవారుజామున సముద్రం మీద మా ప్రాణాలు కాపాడినవాళ్లందరికీ, పడవలో ఉన్న మా నలుగురి తరఫున, మా ఇళ్లలోవాళ్ల తరఫున చేతులెత్తి నమస్కారం. ఆ రోజు ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాం. ఒడ్డు చేరాక కూడా చాలాసేపు మా నోట మాట రాలేదు. అందుకే ఇప్పుడు ఎవరు ఏం చేశారో పేరుపేరునా కాకపోయినా, పని పనికీ చెప్పుకుంటాను.

ముందుగా పక్క పడవలో ఉన్న అన్నలకు. సముద్రంలో మునిగిన పాత ఓడ చుట్టూ చేపలు చేరతాయి కాబట్టి మీరూ మేమూ అక్కడక్కడే లంగరు దించి గాలాలు వేసుకుంటున్నాం. చేపల వేట ముగించుకుని వలలు పైకి లాగేసిన ట్రాలర్ (వల ఈడ్చి చేపలు పట్టే పెద్ద మర ఓడ) ఒకటి రేవు వైపు తిరిగి వస్తోంది. పొద్దు అప్పుడే పొడుస్తోంది. ట్రాలర్ నడిపే మనిషికీ సూర్యుడికీ సరిగ్గా మధ్యలో ఉన్నాం మేము. లంగరు మీద ఉన్నామని తెలిపే నల్ల బంతి మా పడవ ముందు భాగాన కట్టే ఉంది. కానీ ఎదురుగా ఎండ కళ్లలో కొడుతుంటే ఆ బంతి ఎవరికి కనబడుతుంది?

ట్రాలర్ దానంతటదే పక్కకు తిరుగుతుందని ఎదురుచూసే దూరం కాదది. 10 నాట్ల వేగమంటే, అంటే గంటకు 10 నాటికల్ మైళ్లంటే, సెకనుకు 5 మీటర్ల పైమాటే. నాటికల్ మైలు దూరం 6 నిమిషాల్లో కరిగిపోతుంది. దిక్సూచి పెట్టి చూస్తే ట్రాలర్ ఉన్న దిశ ఇసుమంతైనా మారడం లేదు, ఆకారం మాత్రం పెద్దదవుతోంది. దిశ మారకుండా దగ్గరవుతోందంటే వచ్చి గుద్దుతుందనే అర్థం. ఓడలన్నీ వినే అత్యవసర రేడియో చానల్ 16 మీద పిలుస్తూనే ఉన్నాం. "మా వైపు వస్తున్న ట్రాలర్" అని తప్ప మరోలా పిలవడానికి మాకు దాని పేరు కనిపించదు. ఎదురుగా వచ్చే ఓడలో మనకు కనబడేది ముక్కు ఒక్కటే.

అన్నా, మీరు చేసిన మేలు అక్కడుంది. మీరు పక్క నుంచి చూస్తున్నారు కాబట్టి దాని ఒంటి మీద రాసిన పేరు, నంబరు చదవగలిగారు. ఆ పేరుతో రేడియోలో పిలిచారు, మూడుసార్లు. "మీ ముందు తెల్ల పడవ లంగరు మీద ఉంది, కదల్లేదు, కుడికి తిప్పండి" అన్నారు. వేరే ముక్క లేదు అందులో. ఎవరినో పిలుస్తున్నారనుకుంటే రేడియో పక్కనున్న మనిషి కూడా పట్టించుకోడు, తన ఓడ పేరు వినబడితే తల తిప్పుతాడు. దాంతోపాటు హారన్ ఐదేసి పొట్టి కూతలు కూయిస్తూనే ఉన్నారు. నువ్వు చేస్తున్నది నాకు అర్థం కావడం లేదు, గుద్దేలా ఉన్నావు అని ఎదుటి ఓడను హెచ్చరించే కూత అదే. ప్రమాదం మీది కాదు. మీ గాలాలకు చేప తగిలి ఉందని తర్వాత తెలిసింది. అది కూడా వదిలేసి మాకోసం నిలబడ్డారు.

ఇక ట్రాలర్ మీద వెనక చేపలు ఏరుతున్న తమ్ముడికి. ఇంజిన్ హోరులో ఆ కూత ఎలా వినబడిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. నువ్వు బుట్ట వదిలేసి అంచు దాకా పరుగెత్తి మమ్మల్ని చూసి, ఓడ నడిపే సరంగు దగ్గరికి అరుచుకుంటూ వెళ్లావు. నువ్వు పరుగెత్తడం మేం కళ్లారా చూశాం. ఆ తర్వాత ట్రాలర్ కుడికి వంగింది. దాని అలకు మా పడవ ఒరిగిపోయింది కానీ అది మాకు తగల్లేదు.

మేం అప్పటికే లంగరు వదిలేశాం. దీనికి మాకు పడవ పని నేర్పిన పెద్దాయనకు రుణపడి ఉన్నాను. 30 మీటర్ల లోతులో లంగరు నిలవాలంటే దానికి మూడు నాలుగింతల తాడు వదలాలి. అంత తాడు అప్పటికప్పుడు పైకి లాగడం ఎవరి తరమూ కాదు. తాడు చివరన తేలే బోయ కట్టి ఉంచాలని, పడవ అంచున తాడు చుట్టే కొక్కెం, క్లీట్‌కి చుట్టాలే గానీ ముడి బిగించకూడదని, పక్కనే కత్తి ఉండాలని ఆయన చెప్పేవారు. ఆ రోజు చుట్లు విప్పి బోయ నీళ్లలో పడేయడం, ఇంజిన్ తిప్పి పక్కకు జరగడం గుక్కెడు ఊపిరిలో అయిపోయాయి. పెద్దాయనా, మీరు చెబుతుంటే విన్నాం కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాం.

ఇప్పుడు సరంగు గారికి. ఈ మాట కొందరికి నచ్చకపోవచ్చు. ఆ ట్రాలర్ పేరు బయటపెట్టమని ఒడ్డున చాలామంది నాతో అన్నారు. పెట్టను. చుట్టూ కళ్లతోను చెవులతోను కనిపెట్టుకుని ఉండడం ప్రతి ఓడకూ విధి. 1972 నాటి అంతర్జాతీయ ఢీ నివారణ నియమాల్లో ఐదోది అదే, దానికి మినహాయింపు లేదు. సరంగు గారు కూడా కాదనలేదు. ఆయన ఓడ తిప్పుకుని, ఇంజిన్ తగ్గించి మా దగ్గరికి వచ్చారు. "దెబ్బలేమైనా తగిలాయా?" అన్నది ఆయన మొదటి మాట. "చూడాల్సింది నేను" అన్నది రెండోది. అక్కడితో ఆగలేదు, మా బోయ వెతికి, తాళ్లు లాగే యంత్రం, వించితో మా లంగరు పైకి లాగి ఇచ్చారు. అలా వెనక్కి రాకుండా వెళ్లిపోయే ఓడల సంగతి సముద్రం మీద తిరిగేవాళ్లకు తెలుసు. నా దృష్టిలో వెనక్కి రావడం చాలా పెద్ద పని.

ఆయన మమ్మల్ని తన ఓడ ఎక్కించుకుని చుక్కాని దగ్గర నిలబెట్టి చూపించారు. ఎత్తయిన ముక్కు వల్ల ముందు కొంత నీరు అసలే కనబడదు. మా పడవ ఫైబర్‌ది కాబట్టి రాడార్‌కి సరిగ్గా తగలదు. రాడార్ తరంగాలను తిప్పి కొట్టే రాడార్ రిఫ్లెక్టర్‌ని వీలైనంత ఎత్తున కట్టమన్నారు, మన పడవ ఎక్కడుందో చుట్టూ ఓడలకు రేడియోలో తెలిపే ఏఐఎస్ పరికరం పెట్టుకోమన్నారు, పొద్దు పూర్తిగా వచ్చేదాకా చుట్టూ కనబడే తెల్ల దీపం ఆర్పవద్దన్నారు. మూడూ ఇప్పుడు మా పడవలో ఉన్నాయి. గాలం వేసేవాళ్లు మరొకటి కూడా తెలుసుకోవాలని ఆయన అడిగారు, న్యాయమైన మాటే కాబట్టి ఇక్కడ చేరుస్తున్నాను. పగలు మొనలు కలిపిన రెండు శంకువులు, రాత్రి తెల్ల దీపం మీద పచ్చ దీపం కనిపిస్తే ఆ ట్రాలర్ వల ఈడుస్తోందని. వెనక నీటి లోతుకు రెండు మూడింతల ఇనుప తాళ్లు, వాటి చివర వల. అది చప్పున తిరగలేదు, చప్పున ఆగలేదు. అలాంటి ఓడ దారిలో లంగరు వేసి, నేను కదలను నువ్వే తప్పుకో అనడం మనకు మంచిది కాదు.

తీరం నుంచి రేడియోలో మాట్లాడిన అమ్మాయికి. ఈ గొడవంతా విని, మమ్మల్ని వేరే చానల్‌కి మార్చి, ఎంతమంది ఉన్నారు, పడవలోకి నీళ్లేమైనా వస్తున్నాయా అని అడిగారు. రేవు చేరేదాకా మధ్యమధ్యలో పిలుస్తూనే ఉన్నారు. మాలో చిన్నవాడు దారిపొడవునా మీ గొంతు వినబడిన ప్రతిసారీ కాస్త తేరుకున్నాడు. అమ్మా, మీరు ఆ రోజు మీ డ్యూటీ చేశాననే అనుకుని ఉంటారు. మాకు మాత్రం అది మనిషి తోడు.

పక్క పడవ అన్నలూ, మేం తేరుకుని చూసేసరికి మీరు లంగరు ఎత్తి వెళ్లిపోయారు. మీ పేర్లు కూడా అడగలేదు. మాకోసం కూయించీ కూయించీ మీ హారన్ గ్యాస్ డబ్బా ఖాళీ అయిపోయిందని రేవులో చెప్పారు. కొత్తవి రెండు కొని ఉంచాం. మీ పడవ తెలిసినవాళ్లెవరైనా ఇది చదివితే వాళ్లకు కబురు చెప్పండి, మేమే వచ్చి ఇచ్చి వెళ్తాం.